బొలోన్యాలో ఇద్దరికి ఒక రోజు: తిరగడం, తినడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీ అనగానే మనవాళ్లు రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ రాసేసుకుంటారు. ఆ మూడింటి మధ్య తిరిగే రైలు బొలోన్యాలో ఆగితే కిటికీలోంచి చూసి ఊరుకుంటారు. ఈ మధ్య దిగేవాళ్లు పెరిగారు. వాళ్లలో కొత్తగా పెళ్లయినవాళ్లున్నారు, జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాలకు వచ్చే జంటలున్నారు. మనుషులు మారుతున్నారు గానీ సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నిటినీ ఒకచోట పెట్టాను. మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ముందునుంచి చదవక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం ముందే. ఈ ఊళ్లో బుక్ చేసుకోవాల్సింది మధ్యాహ్న భోజనం. తక్కినవన్నీ దాని చుట్టూ సర్దుకోవచ్చు.

## బయల్దేరే ముందు

ఒక్క రోజు సరిపోతుందా, రెండు రోజులు పెట్టుకోవాలా?

పాత ఊరికి ఒక రోజు చాలు. నడిబొడ్డున ఉన్న పియాజ్జా మజ్జోరే అనే పెద్ద కూడలి నుంచి చూడదగ్గవన్నీ పది, పదిహేను నిమిషాల నడకలోనే ఉంటాయి. కాకపోతే పొద్దున వచ్చి సాయంత్రం రైలెక్కేయకండి. రాత్రికి ఉండండి. ఆరు దాటాక దీపాలు వెలిగి, జనం వసారాల కింద చేరాక ఈ ఊరి అసలు ముఖం కనిపిస్తుంది. రెండో రోజు దొరికితే శాన్ లూకా కొండ ఎక్కండి, లేదా రైల్లో అరగంట లోపు దూరంలో ఉన్న మోదెనాకు వెళ్లి రండి.

రోమ్, ఫ్లోరెన్స్ ఉండగా ఇక్కడికి ఎందుకు రావాలి? నిజం చెప్పండి.

ప్రపంచమంతా గుర్తుపట్టే కట్టడం ముందు ఫోటో కావాలంటే ఫ్లోరెన్స్‌కే వెళ్లండి, ఇక్కడ అలాంటిది లేదు. ఇక్కడున్నది మనుషులు కాపురముండే పాత ఊరు. 1088లో మొదలైందని చెప్పుకునే విశ్వవిద్యాలయం ఇప్పటికీ నడుస్తోంది, వీధుల్లో సగం మంది విద్యార్థులే. ఇళ్ల ముందు కప్పు వేసిన వసారాలు, ఇక్కడివాళ్ల మాటలో 'పోర్తికో'లు, అన్నీ కలిపితే 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక తిండి సంగతి: చీజ్, హ్యామ్, బాల్సమిక్ వెనిగర్, గుడ్డు పాస్తా అన్నీ ఈ ఎమీలియా ప్రాంతం సరుకే. నిజం చెప్పాలంటే, ఒక చర్చి తర్వాత ఇంకో చర్చి చూసి అలిసిపోయిన జంటకి ఈ ఊరు బాగా పడుతుంది.

ఏ నెల మంచిది? ఏ వారం మంచిది?

ఏప్రిల్ నుంచి జూన్, సెప్టెంబరు, అక్టోబరు. ఆగస్టు వద్దు. ఎండ ఒక కారణం. రెండోది, ఆగస్టు 15 ఫెర్రగోస్తో సెలవు చుట్టూ మంచి భోజనశాలలు చాలామటుకు తాళం వేసుకుని సముద్రం దారి పడతాయి. చలికాలంలో పొగమంచు కమ్ముకుంటుంది గానీ వేడి వేడి సూపులో తొర్తెల్లిని, అంటే మాంసం నింపిన చిన్న పాస్తా, తినాలంటే అదే సరైన కాలం.

వారంలో సోమవారం మానుకోండి, మ్యూజియాలు ఎక్కువగా మూసి ఉంటాయి. శని, ఆదివారాల్లో పెద్ద వీధుల్లోకి వాహనాలను రానివ్వరు కాబట్టి నడవడం హాయి. ఇంకో సంగతి: వసంతంలో జరిగే బాలల పుస్తక ప్రదర్శనలాంటివి ఉన్న రోజుల్లో హోటల్ ధరలు ఎక్కడికో వెళ్లిపోతాయి. తేదీ ఖాయం చేసుకునే ముందు ఆ వారం ఊళ్లో ఏ ప్రదర్శనా లేదని చూసుకోండి.

వీసా ఇటలీదే కావాలా?

ఏ షెంగెన్ వీసా అయినా, అంటే చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా ఉండే వీసా, చెల్లుతుంది. ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. షెంగెన్ దేశాల్లో నివాస అనుమతి ఉన్నవాళ్లు ఆ కార్డు, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుంటే చాలు.

## ఊళ్లో దిగాక

ఏ ఊరి నుంచి ఎంతసేపు పడుతుంది?

హైస్పీడ్ రైల్లో ఫ్లోరెన్స్ నుంచి నలభై నిమిషాల లోపే. మిలాన్ నుంచి గంట, వెనిస్ నుంచి గంటన్నర, రోమ్ నుంచి రెండు గంటల పైచిలుకు. ఈ రైళ్లలో చాలావరకు 16 నుంచి 19 వరకున్న ప్లాట్‌ఫారాల మీదికి వస్తాయి. అవి నేలకింద బాగా లోతులో ఉంటాయి. తిరుగు రైలుకి పదిహేను నిమిషాలు ముందుగా రండి, ఎస్కలేటర్ల మీదే కొంత సమయం పోతుంది.

స్టేషన్ నుంచి పియాజ్జా మజ్జోరేకి ఇరవై నిమిషాల నడక. ఇందిపెందెన్జా వీధి వెంట దాదాపు నేరుగా, నీడలోనే వెళ్లిపోవచ్చు. బయటికి వచ్చాక స్టేషన్ బయటి గోడ మీది గడియారం చూడండి. ముళ్లు 10:25 దగ్గర ఉంటాయి. 1980 ఆగస్టు 2న ఇక్కడ బాంబు పేలి 85 మంది చనిపోయారు, అది ఆ సమయం.

ఎయిర్‌పోర్టు నుంచి ఎలా?

మార్కోని ఎక్స్‌ప్రెస్ అనే మోనోరైలు ఏడెనిమిది నిమిషాల్లో రైల్వే స్టేషన్‌లో దింపుతుంది. అంత చిన్న దూరానికి టికెట్ ఖరీదెక్కువే. ఇద్దరే కాబట్టి, సామాను బరువుగా ఉంటే టాక్సీ ధర కూడా అడిగి చూడండి, మరీ పెద్ద తేడా ఉండదు.

హోటల్ చెక్-ఇన్ మధ్యాహ్నం. సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలి?

రైల్వే స్టేషన్‌లో డబ్బు కట్టి పెట్టుకునే చోటు ఉంది. హోటల్‌కి ముందే మెయిల్ పెడితే చాలామంది ఊరికే ఉంచుకుంటారు. బండరాళ్లు పరిచిన వీధుల్లో చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ మార్కెట్ తిరగాలనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

కారు అద్దెకి తీసుకుంటే సుఖం కదా?

ఊరి మధ్యకి సుఖం కాదు. పాత ఊరంతా బయటి వాహనాలకి ఆంక్షలున్న ప్రాంతం. కెమెరా నంబరు పట్టేస్తుంది, జరిమానా కాగితం ఎన్నో వారాల తర్వాత అద్దె కంపెనీ ద్వారా మీకు చేరుతుంది, కంపెనీ తన రుసుము కూడా కలుపుతుంది. కొండ పల్లెలు తిరగాలంటేనే కారు.

## ఉదయం

పొద్దున టిఫిన్ ఏం దొరుకుతుంది?

ఇడ్లీ, ఉప్మాల బరువులో ఏదీ దొరకదు. ఇక్కడ పొద్దున తినేది తీపి: కాఫీ, దాంతో ఒక క్రీమ్ లేదా జామ్ పెట్టిన 'బ్రియోష్'. ఏ బార్‌లోకైనా వెళ్లండి. బార్ అంటే ఇక్కడ కాఫీ కొట్టే. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో ధర ఉంటుంది, కూడలి పక్కన అయితే ఆ తేడా గట్టిగానే తెలుస్తుంది. ఉప్పుకారం లేకపోతే పొద్దు గడవదనుకునేవాళ్లు సూపర్‌మార్కెట్‌లో పెరుగు, పళ్లు, అరటిపండు కొనుక్కుని సర్దుకుంటారు. నా సలహా అడిగితే ఉదయం కడుపు సగం ఖాళీగానే ఉంచుకోండి.

పియాజ్జా మజ్జోరేలో ఏం చూడాలి? చర్చి ముఖం సగమే కట్టినట్టుంది, అదేనా?

అదే. శాన్ పెత్రోనియో చర్చి 1390లో మొదలైంది, ముఖభాగం ఇప్పటికీ పూర్తి కాలేదు. కింద సగం పాలరాయి, పైన ముడి ఇటుక. లోపలికి వెళ్లి ఎడమవైపు నేల మీద చూడండి. దాదాపు 67 మీటర్ల పొడవున రాతిలో పొదిగిన ఒక గీత కనిపిస్తుంది. 1655లో ఖగోళ శాస్త్రవేత్త కస్సీని వేయించింది. పైకప్పులో ఒక చిన్న రంధ్రం ఉంది. ఎండ ఉన్న రోజు సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు అందులోంచి పడ్డ వెలుగు బిళ్ల ఈ గీతను దాటుతుంది. వేసవిలో గీత ఒక కొస దగ్గర, చలికాలంలో రెండో కొస దగ్గర. బిళ్ల కదులుతున్నట్టు కంటికి తెలుస్తుంది, కన్నార్పకుండా చూడాలి అంతే. స్థానిక మధ్యాహ్నం ఇక్కడి గడియారంలో చలికాలంలో 12:15 ప్రాంతంలో, వేసవిలో 1:15 ప్రాంతంలో వస్తుంది. మధ్యాహ్నం కాసేపు చర్చి మూసే అలవాటుంది కాబట్టి ఆ రోజు వేళలు చూసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. చుడీదార్ అయితే ఏ బెంగా లేదు.

పక్కనే నెప్ట్యూన్ ఫౌంటెన్. 1560లలో జంబొలోన్యా పోతపోసిన కంచు విగ్రహం. చేతిలోని త్రిశూలాన్ని ఎక్కడో చూసినట్టుంది అనిపిస్తే అది మజెరాటీ కారు మీద. ఆ కంపెనీ 1914లో పుట్టింది ఈ ఊళ్లోనే, చిహ్నం తీసుకున్నది ఈ విగ్రహం నుంచే.

జంటలు గోడకి మొహం పెట్టి మాట్లాడుతున్న వీడియో చూశాం. అదెక్కడ?

పియాజ్జా మజ్జోరే పక్కన పోదెస్తా భవనం కింద, నాలుగు దారులు కలిసే కమాను ఉంది. ఒకరు ఒక మూల, ఇంకొకరు ఎదురు మూల, ఇద్దరూ గోడ వైపు తిరిగి నిలబడాలి. గుసగుసగా మాట్లాడితే చాలు, కమాను వంపు వెంట మాట ఎదుటి మూలకి స్పష్టంగా చేరుతుంది, మధ్యలో నడిచేవాళ్లకి వినపడదు. టికెట్ లేదు. తొమ్మిదిలోపు వెళ్తే వరుస కూడా ఉండదు. అందరిముందు ఐ లవ్యూ చెప్పడానికి మొహమాటపడే మన మగవాళ్లకి భలే వీలు.

రెండు టవర్లలో ఒకటి ఎక్కొచ్చా?

ఇప్పుడు కుదరదు. ఎత్తైనది అసినెల్లి, 97 మీటర్లు, లోపల 498 మెట్లు. పక్కన వంగి ఉన్న పొట్టిది గరిసేందా, 48 మీటర్లు. గరిసేందా పరిస్థితి ప్రమాదకరంగా ఉందని తేలడంతో 2023 అక్టోబరులో చుట్టూ కంచె వేసి, అసినెల్లిని కూడా సందర్శకులకు మూసేశారు. గట్టిపరిచే పనులు ఏళ్ల తరబడి సాగేవి. పాత బ్లాగుల్లో 'తప్పక ఎక్కండి' అని ఉంటుంది, నమ్మకండి. పైనుంచి ఎర్ర పెంకుల ఊరు చూడాలంటే పియాజ్జా మజ్జోరేలోనే ఉన్న అక్కుర్సియో భవనపు గడియారపు బురుజు ఎక్కండి, టికెట్ ముందే తీసుకోవాలి.

దూరం నుంచైనా గరిసేందా చూడండి. మధ్యయుగపు కవి దాంతే తన ఇన్‌ఫెర్నో కావ్యంలో వంగుతున్న రాక్షసుణ్ణి పోల్చింది ఈ టవర్‌తోనే.

మా ఆవిడ డాక్టరు. పాత అనాటమీ గది ఉందట, చూడదగ్గదేనా?

డాక్టర్లు కాకపోయినా చూడాలి. శాన్ పెత్రోనియో వెనక ఆర్కిజిన్నాజియో భవనంలో ఉంది. ఒకప్పుడు విశ్వవిద్యాలయం అందులోనే నడిచేది. 1637 నాటి ఈ గది నిండా చెక్కపనే. మధ్యలో తెల్లటి పాలరాతి బల్ల, చుట్టూ విద్యార్థులు కూర్చునే మెట్ల వరుసలు. గురువు పీఠం మీది గొడుగును చర్మం ఒలిచిన రెండు చెక్క మానవ విగ్రహాలు మోస్తుంటాయి, కండరం కండరం విడిగా కనిపిస్తుంది. 1944 జనవరిలో బాంబు పడి గది కూలింది. చెక్క ముక్కలు ఏరి మళ్లీ నిలబెట్టారు. టికెట్ తక్కువే, ముప్పావు గంట చాలు.

బయట గల్వానీ విగ్రహం ఉంది, కప్ప కాళ్లలో విద్యుత్తు చూసినాయన. 1732లో లౌరా బస్సీ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి డాక్టరేటు తీసుకుని పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది కూడా ఈ విశ్వవిద్యాలయంలోనే.

మార్కెట్ వీధులు ఏ టైముకి బాగుంటాయి?

పది, పదకొండు మధ్య. క్వద్రిలాతెరో అంటారు, పియాజ్జా మజ్జోరేకి తూర్పున ఉన్న సన్నటి సందుల గుంపు. చేపల దుకాణం పక్కన పూలు, దాని పక్కన హ్యాములు వేలాడే కొట్టు. తాజా పాస్తా అమ్మే చోట అద్దం వెనక పనిచేసే 'స్ఫోల్యీనా' కనిపిస్తే ఆగండి. గుడ్లు, పిండి కలిపిన ముద్దని చెయ్యి బారెడున్న కర్రతో బల్లంత వెడల్పున సాగదీస్తుంది. పిండిరేకు వెలుతురుకి ఎత్తితే అవతలి చెయ్యి నీడ కనపడేంత పల్చన. దాన్ని చిన్న చదరాలుగా కోసి, మధ్యలో శనగగింజంత ముద్ద పెట్టి, మూలకి మూల మడిచి, చిటికెనవేలి చుట్టూ తిప్పి నొక్కుతుంది. మన ఇళ్లలో పండక్కి కజ్జికాయల అంచు అల్లే పెద్దావిడ చేతి వేగం గుర్తొస్తుంది. ఫోటోకి ముందు అడగండి, నవ్వి ఒప్పుకుంటారు.

అదే సందుల్లో సాంతా మరీయా దెల్లా వీతా అనే చర్చి ఉంది, గుమ్మం దాటిపోవడం సులువు. లోపల నిక్కొలో దెల్లార్కా చేసిన మట్టి విగ్రహాలు: చనిపోయిన క్రీస్తు చుట్టూ నిలువెత్తు మనుషులు ఏడుస్తుంటారు. మేరీ మగ్దలేన్ పరిగెత్తుకొస్తుంటే బట్ట వెనక్కి ఎగిరిపోతుంది, నోరు తెరిచి అరుస్తుంది. పదిహేనో శతాబ్దంలో మట్టితో ఇంత ఏడుపు చేశారంటే నమ్మలేం. ఊరు మొత్తంలో ఒక్కటే చూసే టైముందంటే నేను దీనికే పంపుతాను.

## మధ్యాహ్న భోజనం

ఎన్ని గంటలకు వెళ్లాలి? బుకింగ్ నిజంగా అవసరమా?

12:30 నుంచి 2:30. తర్వాత వెళ్తే వంటగది మూసేస్తారు, మళ్లీ 7:30కే. బుకింగ్ అవసరం, శని, ఆదివారాల్లో మరీను. పేరున్న త్రత్తోరియాలు, అంటే ఇంటివంట తరహా భోజనశాలలు, చిన్నవి. వారం ముందు మెయిలో ఫోనో చేసి ఇద్దరికి ఒక టేబుల్ పెట్టించుకోండి. వెళ్లలేకపోతే ఒక మాట చెప్పండి, వాళ్లకి అదొక టేబుల్ నష్టం.

స్పగెట్టి బొలోనీస్ అసలైనది ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కడా దొరకదు. ఆ వంట ఈ ఊరిది కాదు. 2019లో అప్పటి మేయరు విర్జీనియో మెరోలా దాన్ని అబద్ధపు వార్తల కింద లెక్కగట్టాడు. ఇక్కడ రగూ అనే మాంసం సాసు వేసుకునేది 'తాల్యతెల్లె' అనే వెడల్పాటి గుడ్డు పాస్తాకి. నున్నటి స్పగెట్టి మీద సాసు జారిపోతుంది, చేత్తో సాగదీసిన తాల్యతెల్లె గరుకుగా ఉండి పట్టుకుంటుంది. ఈ పట్టింపు ఎంతదాకా వెళ్లిందంటే, 1972లో వాణిజ్య మండలిలో బంగారంతో చేసిన తాల్యతెల్లా ఒకటి భద్రపరిచారు. ఉడికాక వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే అసినెల్లి టవర్ ఎత్తులో 12,270వ వంతు. రగూ వంటకాన్ని కూడా 1982లో అక్కడే నమోదు చేశారు. అందులో టమాటా తక్కువ, గంటలకొద్దీ ఉడికిన మాంసం ఎక్కువ, వెల్లుల్లి ఉండదు. ఎర్రటి పులుపు ఊహించుకుని వెళ్లినవాళ్లు మొదటి ముద్దకి కాస్త చప్పబడతారు. రెండోదానికి అర్థమవుతుంది.

మేం మాంసం తింటాం గానీ గొడ్డుమాంసం తినం. ఏవి వదిలేయాలి?

ఈ ఊళ్లో ఇది జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. తాల్యతెల్లె అల్ రగూలో గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ ఉంటాయి. ఆకుపచ్చ లజాన్యలో ఉండేదీ ఆ రగూనే. కొతొలెత్తా అల్లా బొలొన్యేసె దూడమాంసం. తొర్తెల్లినిలో లోపలి ముద్ద పందిదే: నడుము మాంసం, హ్యామ్, మోర్తదెల్లా అనే లావాటి పంది సాసేజీ, చీజ్, జాజికాయ. అయితే అది తేలే సూపు, అంటే 'బ్రోదో', ఎక్కువగా కోడి, గొడ్డుమాంసం కలిపి కాచింది. అందుకని తొర్తెల్లినిని క్రీమ్ సాసులో అడగొచ్చు. పాత తరం బొలోన్యావాళ్లు ముక్కు చిట్లిస్తారు, పట్టించుకోకండి. నిశ్చింతగా తినదగ్గవి మోర్తదెల్లా, హ్యాము, పంది సాసేజీ వేసిన 'గ్రమీన్య' పాస్తా.

మెనూలో 'మాన్‌జో' ఉంటే గొడ్డుమాంసం, 'వితెల్లో' దూడ, 'మయాలే' పంది. చెప్పాల్సిన మాట: 'నోన్ మాంజామో మాన్‌జో, నే వితెల్లో.' ఒక్క మాన్‌జో అని ఊరుకుంటే దూడమాంసం వేరే అనుకునేవాళ్లున్నారు, రెండూ చెప్పండి.

నేను పూర్తి శాకాహారిని. పస్తుండాలా?

అక్కర్లేదు. గుడ్డు తింటారా లేదా అన్నదే తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడి తాజా పాస్తా అంతా గుడ్డుతోనే. తినేవాళ్లకి 'తొర్తెల్లోని' దొరికితే పండగే: రికోత్తా చీజ్, ఆకుకూర నింపి, ఉడికించి, సేజ్ ఆకులు వేసిన వెన్నలో తిప్పి ఇస్తారు. పేరు తొర్తెల్లినిలాగే ఉంటుంది, ఒక్క అక్షరం తేడాకి పందిమాంసం వస్తుంది, వేలు పెట్టి చూపించి అడగండి. గుడ్డు వద్దంటే టమాటా సాసుతో ఎండు పాస్తా అడగాలి. కాల్చిన వంకాయ, గుమ్మడి, సలాడు, బ్రెడ్డు ఎక్కడైనా ఉంటాయి.

కనపడని చోట్లు కొన్నున్నాయి. ఉల్లిపాయ, టమాటా గంటలసేపు మగ్గించే 'ఫ్రిజ్జోనే' చూడ్డానికి శుద్ధ శాకాహారం, పాత పద్ధతిలో పందికొవ్వుతో చేస్తారు. నూనెలో పొంగే 'క్రెషెంతీనా', రొట్టెలాంటి 'పియదీనా' పిండిలోనూ అదే. అడగాల్సిన మాట 'స్త్రుత్తో?' పార్మిజానో రెజ్జానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో. అది కూడా పట్టింపున్నవాళ్లు 'సెన్‌జా ఫొర్మాజో' అని చెప్పాలి.

చికెన్, మటన్ తప్ప వేరే తినం. హలాల్ దొరుకుతుందా?

సంప్రదాయ త్రత్తోరియాలో చికెన్ అరుదు, మటన్ ఇంకా అరుదు. స్టేషన్‌కి ఉత్తరాన బొలొన్యీనా పేటలో దక్షిణాసియా, అరబ్ కుటుంబాల దుకాణాలు ఎక్కువ, హలాల్ మాంసం, కబాబు, బిర్యానీ లాంటివి అటువైపు దొరుకుతాయి. ఇద్దరిలో ఒకరే అలా అయితే మధ్యాహ్నం త్రత్తోరియాలో తొర్తెల్లోని, రాత్రికి ఆ పేట. ఎవరూ నష్టపోరు.

ఒక ప్లేటు ఇద్దరం పంచుకోవచ్చా? తప్పుగా అనుకోరా?

ఇద్దరికీ కలిపి ఒక్క పాస్తా అంటే మొహం మారుతుంది. చెరొక పాస్తా తీసుకుని, మాంసం పళ్లెం ఒకటి పంచుకుంటే ఎవరూ ఏమీ అనరు. సగం తిన్నాక పళ్లేలు మార్చుకోండి, అక్కడి జంటలూ అదే చేస్తారు. కొన్నిచోట్ల 'బిస్' ఉంటుంది: రెండు రకాల పాస్తా కొంచెం కొంచెం ఒకే పళ్లెంలో. చివర్లో 'తోర్తా ది రీజో' ఉంటే చెప్పండి. పాలలో ఉడికిన బియ్యం, బాదం, గుడ్లు, చక్కెర కలిపి కాల్చి ముక్కలు కోస్తారు. మనవాళ్లలో నచ్చనివాళ్లని ఇంకా చూడలేదు.

ఫలానా రెస్టారెంటు అని ఒక పేరు చెప్పండి చాలు.

చెప్పను. పేరు పాకిన ఆరు నెలలకి గుమ్మం ముందు క్యూ, లోపల హడావుడి. గుర్తులు చెప్తాను. మెనూ చిన్నది, ఒకటి రెండు పేజీలు. ఫోటోలు ఉండవు. మెనూలో స్పగెట్టి బొలోనీస్, పిజ్జా రెండూ ఉంటే వెనక్కి తిరగండి. బయట నిలబడి రమ్మని పిలిచే మనిషి ఉంటే కూడా అంతే.

## భోజనం తర్వాత

తిన్నాక కాళ్లు కదలవు. తేలిగ్గా ఏం చూడొచ్చు?

సాంతో స్తెఫానో కూడలికి వెళ్లండి. త్రికోణం ఆకారంలో ఉంటుంది, కొసన ఒకదాన్లోంచి ఒకటి తెరుచుకునే చర్చిల గుంపు, ఏడు చర్చిలని పిలుస్తారు. లోపలి ప్రాంగణాల్లో రాతి అరుగులున్నాయి, మధ్యాహ్నం చల్లగా ఉంటుంది. దగ్గర్లోనే స్ట్రాదా మజ్జోరే మీద ఇసొలాని ఇల్లు, తొమ్మిది మీటర్ల చెక్క స్తంభాల మీద నిలబడ్డ మధ్యయుగపు వసారా. పైకప్పులో గుచ్చుకున్న మూడు బాణాలున్నాయంటారు, వెతకడం మంచి కాలక్షేపం. పియెల్లా వీధిలో గోడకి ఒక చిన్న కిటికీ ఉంది, తెరిస్తే ఇళ్ల మధ్య కాలువ కనిపిస్తుంది. ఫోటోకి క్యూ ఎక్కువ, దృశ్యం తక్కువ. దారిలో ఉంటే చూడండి, పని పెట్టుకుని వద్దు.

శాన్ లూకా కొండ ఎక్కడం ఎంత కష్టం?

మోకాళ్లు బాగుంటే కష్టం లేదు. ఊరి నుంచి కొండ మీది చర్చి దాకా కప్పు వేసిన వసారా ఉంది, 666 కమానులు, దాదాపు 3.8 కిలోమీటర్లు. మొదటి సగం చదును. మెలొన్‌చెల్లో కమాను దాటాక మెట్లు, ఏటవాలు, నలభై, నలభై ఐదు నిమిషాలు. ఊరివాళ్లు పొద్దున్నే పరుగుకి వస్తారు, కొందరు మొక్కుబడికి ఎక్కుతారు. ఓపిక లేకపోతే పియాజ్జా మజ్జోరే నుంచి పైదాకా పర్యాటకుల చిన్న బండి నడుస్తుంది. ఒకే రోజు ఉన్నవాళ్లు పెద్ద భోజనం, ఈ కొండ రెండూ పెట్టుకోకండి.

వాన పడితే రోజు పోయినట్టేనా?

ఇటలీలో వాన పడాలని కోరుకోదగ్గ ఊరు ఇదొక్కటే. 1288లోనే కొత్త ఇళ్లన్నిటికీ వసారా ఉండాలని నియమం పెట్టారు, గుర్రం మీద మనిషి పట్టేంత ఎత్తున. అందుకే గొడుగు లేకుండా ఊరంతా తిరగొచ్చు. పాలరాయి నేల తడిస్తే మాత్రం జారుతుంది, చెప్పులు చూసుకోండి.

## సాయంత్రం

అపెరితీవో అంటే మందేనా? మేం తాగం.

భోజనానికి ముందు ఆరు, ఏడింటికి ఒక గ్లాసు, పక్కన చిప్సు, ఆలివ్‌లు, మోర్తదెల్లా ముక్కలు. తాగేవాళ్లు ఈ చుట్టుపక్కల కొండల 'పిన్యొలెత్తో' అనే తెల్ల వైన్ అడగండి, బుడగలతో తేలిగ్గా ఉంటుంది. తాగనివాళ్లకి 'అనల్కోలికో' అంటే ఏదో ఒక రంగు నీళ్లు చేసిస్తారు, ఎవరూ వింతగా చూడరు.

రనొక్కి సందులో ఓస్తెరియా దెల్ సోలె ఉంది, 1465 నాటిది. అక్కడ తాగేవి మాత్రమే అమ్ముతారు, తిండి మీరే తెచ్చుకోవాలి. పక్క మార్కెట్‌లో వంద గ్రాముల మోర్తదెల్లా, చీజ్, బ్రెడ్డు కొనుక్కుని పొడవాటి బల్లల మీద అపరిచితుల పక్కన కూర్చోవడమే అక్కడి పద్ధతి.

మంచి జెలాటో, అంటే ఇటలీ ఐస్‌క్రీమ్, ఎలా కనిపెట్టాలి?

గుట్టలుగా ఎత్తి పెట్టి, మెరిసే రంగుల్లో ఉన్నది వద్దు. పిస్తా మట్టి రంగులో, అరటి బూడిదరంగు తెలుపులో ఉండాలి. మూతలున్న లోహపు గిన్నెల్లో దాచిపెట్టేవాళ్లు సాధారణంగా మంచివాళ్లు.

రాత్రి పదకొండుకి నడిచి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, వీధుల నిండా విద్యార్థులే. స్టేషన్ చుట్టుపక్కల బ్యాగు ముందుకి వేసుకోండి. విశ్వవిద్యాలయం దగ్గర వెర్ది కూడలి రాత్రిళ్లు గోలగా ఉంటుంది, హోటల్ అటువైపు అయితే కిటికీ లోపలి ప్రాంగణం వైపున్న గదే అడగండి.

## డబ్బు, చిల్లర సందేహాలు

హోటల్ కాకుండా ఇద్దరికి రోజుకి ఎంత?

పొదుపు లేకుండా, దుబారా లేకుండా 100 నుంచి 150 యూరోలు. మధ్యాహ్నం త్రత్తోరియాలో ఇద్దరికి 60–70, టికెట్లు 20 లోపు, కాఫీ, జెలాటో, సాయంత్రం గ్లాసు కలిపి 30, రాత్రికి తేలిగ్గా ఏదైనా. రాత్రి కూడా కూర్చుని తింటే లెక్క పెరుగుతుంది, కానీ మధ్యాహ్నం సరిగ్గా తింటే రాత్రి ఆకలే వేయదు. హోటల్‌లో తలకి, రాత్రికి ఇంత అని నగర పన్ను వేరే కట్టించుకుంటారు.

బిల్లులో 'కొపెర్తో' అని వేశారు. మోసమా?

కాదు. బ్రెడ్డుకి, టేబుల్‌కి తలకి రెండు మూడు యూరోలు, మెనూలో కింద రాసి ఉంటుంది. టిప్పు తప్పనిసరి కాదు, నచ్చితే చిల్లర వదిలేయండి. నీళ్లు సీసాలో తెచ్చి డబ్బు వేస్తారు: 'నతురాలే' మామూలువి, 'ఫ్రిజ్జాంతె' గ్యాసువి. బిల్లు అడిగేదాకా తెచ్చివ్వరు, తరిమేసినట్టు ఉంటుందని. 'ఇల్ కోంతో, పెర్ ఫవోరే' అనండి.

ఇంటికి ఏం కొనుక్కెళ్లాలి?

మోదెనా సంప్రదాయ బాల్సమిక్ వెనిగర్. కనీసం 12 ఏళ్లు చెక్క పీపాల్లో ఊరింది, చిక్కగా తీపిపులుపుగా ఉంటుంది. ఒకే ఆకారపు 100 మిల్లీలీటర్ల సీసాలోనే అమ్ముతారు. ఖరీదెక్కువ. సూపర్‌మార్కెట్‌లో దొరికే చవకది పేరు దగ్గరగా ఉన్నా వస్తువు వేరు. సీసా సరిగ్గా విమానం చేతిసంచి పరిమితికి సరిపోతుంది, అయినా చెక్-ఇన్ సామానులో పెట్టడం మంచిది.

తిరుగు రోజు రైళ్ల సమ్మె అంటున్నారు. ఇరుక్కుపోతామా?

'షోపెరో' అనే మాట వార్తల్లో కనిపిస్తే తేదీ చూడండి, ముందుగానే ప్రకటిస్తారు. పనిదినాల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ముఖ్యమైన ప్రాంతీయ రైళ్లు నడపాలి. కొన్ని దూరపు రైళ్లకూ హామీ ఉంటుంది, ఆ జాబితా రైల్వే వెబ్‌సైట్లో పెడతారు. మీ రైలు అందులో లేకపోతే ఆ వేళల్లోకి మార్చుకోండి. ప్రాంతీయ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది.